తొమ్మిది కన్నా ముందు పది

బాన్సువాడలో వరికోత మిషన్ కిరాయికిచ్చే ఒక సేటు దగ్గర నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. డిగ్రీ అయిపోయి, ఫోన్‌లో చూస్తూ కోడింగ్ నేర్చుకుంటున్న రోజులవి. నేను చేరకముందు అక్కడ చెప్పులే వరుస. రైతులు పొద్దున్నే వచ్చి, మూసిన షట్టర్ ముందు చెప్పు విడిచి చాయ్‌కి వెళ్లేవారు. ఎవరి చెప్పు ముందుంటే వారి పొలంలోకి మిషన్ ముందు దిగేది. దాని మీద ఎవరూ పేచీ పెట్టేవారు కాదు.

సేటుకు ఆ చెప్పులు నామోషీ అనిపించాయి. హైదరాబాద్‌లో ఉన్న అల్లుడితో ప్రోగ్రాం రాయించాడు. రైతు రాగానే నేను పేరు, వచ్చిన టైం కొట్టాలి. మధ్యాహ్నం కాకముందే అది వరుస కట్టి ఇస్తుంది.

వారం తిరక్కుండానే గొణుగుడు మొదలైంది. తొలి బస్సుకు దిగే బీర్కూర్ వాళ్లు, నడిచొచ్చే మా తండా వాళ్లు వెనక్కి పోతున్నారు. టిఫిన్ చేసి, పది దాటాక తీరిగ్గా వచ్చే టౌనువాళ్లు ముందుంటున్నారు.

"కంప్యూటర్ గూడ పెద్దోళ్ల దిక్కే ఉన్నది" అన్నాడొక రైతు, నా మొహం చూస్తూ. ఒళ్లు మండింది. నేనేం చేశానని?

ఆ రోజు మబ్బు పట్టింది. మా యాడి, అంటే మా అమ్మ, తొమ్మిది దాటీ దాటకుండానే వచ్చి పేరు రాయించుకుంది. మా రెండెకరాల వరి పండి వాలిపోతోంది. ఒక్క వాన పడితే బురదలో మిషన్ దిగదు, గింజ మొలకెత్తుతుంది. మాకు ఏడాది తిండి అదే. వరుస బయటికొస్తే యాడి పేరు అట్టడుగున ఉంది.

ఇక ఆగలేక కోడ్ తెరిచాను. ఆ అల్లుడు మహానుభావుడు టైమును టైముగా చూడనే లేదు. డిక్షనరీలో మాటలు పేర్చినట్టు, మొదటి అక్షరంతో మొదటి అక్షరాన్ని పోల్చాడు. 9:10లో మొదటిది తొమ్మిది, 10:40లో మొదటిది ఒకటి. ఒకటి చిన్నది కాబట్టి పదీ నలభైకి వచ్చినవాళ్లు ముందు. దీన్ని నమ్మి కోతలు కోయడమంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే.

ఫోన్ చేస్తే అల్లుడుగారు, "నడిచే ప్రోగ్రాం, ముట్టుకోవద్దు" అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

సేటు నెమ్మదిగా అన్నాడు. "లొల్లి ఎందుకు బిడ్డా. మీ అమ్మ పేరు మొదట రాయి. తక్కినయి గట్లనే ఉండనియ్యి."

నిజం చెబుతున్నాను, ఆశపడ్డాను. నా చెయ్యి కీబోర్డు మీదికి పోయింది కూడా. యాడి వాకిట్లోంచే అంది, "నాకు నీ దయ అక్కెర లేదు సేటు. నేనొచ్చిన వరుస నాకియ్యి."

అంతే. రెండు చుక్కల దగ్గర టైమును విడగొట్టాను. గంటల్ని నిమిషాలుగా మార్చి, పక్కనున్న నిమిషాలు కలిపి, ఆ అంకెల్ని పోల్చమన్నాను.

"అల్లుడు వద్దన్నడు గద?" అన్నాడు సేటు.

"తడిసేది అల్లుని పొలం కాదు గద సేటు" అన్నాను. ఉద్యోగం ఊడితే ఊడిందనుకున్నాను.

కొత్త వరుస వచ్చింది. బీర్కూర్ రైతులు ఇద్దరు ముందు, తర్వాత యాడి. టౌనువాళ్లు గొడవకు దిగారు. ఒక్కొక్కరికీ వాళ్లు వచ్చిన టైం చదివి వినిపించాను, ఒక్కొక్కరే పక్కకు జరిగారు.

మిషన్ బీర్కూర్ ముగించుకుని, దారిలోనే ఉన్న మా తండాకొచ్చేసరికి సాయంత్రమైంది. ఎకరన్నర కోశాక వాన అందుకుంది. మిగిలింది నీళ్లలో పడుకుంది.

మర్నాడు సేటు అన్నాడు. "నా మాట ఇనుంటే మీ వడ్లన్నీ ఇల్లు చేరేటియి."

"చేరేటియే. బీర్కూరోళ్లయి మునిగేటియి" అన్నాను.

నీళ్లు దిగాక ఆ అరెకరం కొడవలితో కోసుకున్నాం. మొలకలొచ్చిన గింజల్ని యాడి, నేను ఆరబోశాం. రేపు అదే మబ్బు మళ్లీ పట్టినా సరే, మా పేరు మూడోదిగానే ఉంచుతాను.