అడగకుండా ఎక్కించిన ముఖం

నేను గద్వాలలో డ్రాయింగ్ టీచర్ని. సెలవు రోజుల్లో మానవపాడు వైపు వెళ్లి, విత్తన పత్తి చేలల్లో పనిచేసే ఆడవాళ్ల బొమ్మలు గీసుకోవడం నాకు పదేళ్ల అలవాటు. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి తీసేస్తారు. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. క్రాసింగ్ అంటారు దాన్ని. నేను ఎక్కువగా గీసింది ఒక్క మనిషినే. ఎడమచేతి వాటం. ఎప్పుడో తెగిన చెవి తమ్మె రెండు పాయలుగా వేలాడుతుంటుంది. నేను ఆమెను అక్కా అంటాను. ఆ బొమ్మలను సంతకం చేసి ఫేస్‌బుక్‌లో పెట్టేదాన్ని.

పోయిన ఏడు వానలకు ముందు ఒక విత్తనాల దుకాణం మీద పెద్ద ఫ్లెక్సీ చూశాను. ఎడమచేత్తో పువ్వు పట్టుకున్న ఆడమనిషి, చీలిన చెవి తమ్మె. మా అక్కే. కాకపోతే ఒంటి మీద పట్టుచీర, మెడనిండా నగలు, చేతికి ఆరు వేళ్లు. ఒకే తొడిమకు మందారపువ్వూ, పగిలిన పత్తికాయా. నా సంతకం ఉండాల్సిన మూలలో పురుగు పాకినట్టు ఏదో గీత.

దుకాణం యజమాని చుట్టుపక్కల రైతులకు విత్తనమిచ్చి పంట కొనే ఆర్గనైజరు. అడిగితే నవ్వాడు. "నాకేం తెల్వదు మేడం. డిజైన్ చేసినాయన్ను అడుగుండ్రి."

ఆ డిజైనరుకు ఫోన్ చేశాను.

"మీ బొమ్మలు నాలుగు పెట్టి గిట్లనే ఇయ్యమన్న మేడం. ఏఐ కొత్తగ గీసింది. కాపీ కాదు."

"మరి ఆ చెవి?"

"అది దానికే తోచింది."

తోచిందట. పువ్వుకూ కాయకూ తేడా తోచలేదు, మనిషికి ఎన్ని వేళ్లో తోచలేదు, అక్క తెగిన చెవి మాత్రం తోచింది.

దుకాణానికి వకీలుతో నోటీసు పంపించాను. బొమ్మను మనిషి గీయలేదు కాబట్టి ఎవరి హక్కుకూ భంగం కలగలేదని జవాబొచ్చింది. ఎద్దును చేలోకి తోలినవాడు గట్టున నిలబడి, మేసింది నేను కాదు కదా అన్నట్టుంది. ఆ జవాబు కింద యజమాని సంతకం మాత్రం ఏ గీతా వంకరపోకుండా ఉంది.

ఆ ఆదివారం అక్కకు ఫోన్లో ఫ్లెక్సీ చూపించాను.

"గీ నగలెవడు పెట్టిండు నాకు?" అంది.

మర్నాడు పొద్దున తనతో పనికి పోయే పదిమందిని వెంటబెట్టుకుని దుకాణానికొచ్చింది. నేనూ వెళ్లాను. యజమాని నాకు చెప్పిన మాటే వాళ్లకూ చెప్పబోయాడు.

"నేను గాదమ్మా, కంప్యూటర్ గీసింది."

"మంచిది," అంది అక్క. "ఈసారి క్రాసింగ్ గూడ దాంతోనే చేయించుకో. మేం రాం."

మధ్యాహ్నంలోగా ఫ్లెక్సీ దిగింది. నా పదేళ్ల పనికీ, వకీలు నోటీసుకూ కదలని మనిషి, కూలీలు రారన్న ఒక్క మాటకు నిచ్చెన తెప్పించాడు. నాకు క్షమాపణ లేదు. పైగా నన్ను పక్కకు పిలిచి, "వచ్చే ఏడు మీరే గీసియ్యండ్రి మేడం, జర పేరొస్తది," అన్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో అక్క నా పక్కన కూర్చుంది.

"టీచరమ్మా, నువ్వు గూడ నన్నడగలే."

"అడిగాను కదక్కా, మొదటి రోజే."

"గీస్తున్న అన్నవ్. గీయనా అనలే. ఫోన్ల పెడ్తున్నవని నాకు తెల్వనే తెల్వదు."

అంతసేపూ యజమానినీ డిజైనరునూ మనసులో తిట్టుకుంటున్నదాన్ని, అక్కతోపాటే వాళ్ల ఊళ్లో ఆటో దిగాను. వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఫేస్‌బుక్‌లో పెట్టిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూపించాను. మూడు తీసెయ్యమంది. ఎందుకని అడగకుండా అక్కడే తీసేశాను. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ కూడా ఉంది.