బాబాయి నాడి డెబ్బయ్యారు

విశ్వవిద్యాలయం వాళ్లు అచ్చువేసే పుస్తకంలో వైద్య కళాశాల సదుపాయాలకు నాలుగు పేజీలు కేటాయించారు. గ్రంథాలయంలో కుర్చీలెన్నో రాసుంది, మైక్రోస్కోపులెన్నో రాసుంది. వాటిలో పనిచేసేవెన్నో లేదు. ఏటా ఎం.డి. పరీక్షలు ఎవరి పుణ్యాన గట్టెక్కుతున్నాయో అసలే లేదు. ఆయన కాలేజీ గేటు పక్కన తెల్లకోట్లు కుట్టే దర్జీ.

చిన్నప్పుడొచ్చిన కీళ్ల జ్వరం ఆయన గుండెలో ఒక కవాటాన్ని బిగించిపోయింది. ఆ సందులోంచి రక్తం జారే చప్పుడు అచ్చం పుస్తకంలో రాసినట్టే ఉంటుందట. అందుకని పరీక్ష రోజున పిల్లలు చూసి రోగం చెప్పాల్సిన కేసుగా ఆయన్నే పడుకోబెట్టేవాళ్లు. ఆ రోజు ఆయనకు ఉతికిన దుప్పటి, కిటికీ పక్క మంచం, అందరి నోటా 'బాబాయ్' అన్న పిలుపు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే అదే.

బాబాయిది జాలిగుండె కూడా. పరీక్షకొచ్చిన పిల్లలకు కంగారులో చెవులు పనిచేయవు. ప్రొఫెసరు అటు తిరగ్గానే పెదవి కదపకుండా అందించేవాడు. "నాడి డెబ్బయ్యారు, సమంగా ఉంది. చప్పుడు ఎడమ రొమ్ము కింద. నన్ను పక్కకి తిప్పి విను." వాళ్లు మక్కికి మక్కి రాసుకునేవాళ్లు. ఇరవై రెండేళ్లలో ఆయన మంచం దగ్గర ఒక్కరూ తప్పలేదు, ఒక్కరూ లెక్కపెట్టలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం చదువు.

ఈ ఏడు మాత్రం ఆయన భార్య ఊరుకోలేదు.

"ఒక కోటు కుట్టేసరికి మూడుసార్లు ఆగుతున్నారు. ఎవరైనా డాక్టరుకి చూపించుకోరాదూ?"

"నన్ను చూడని డాక్టరెవరే ఈ ఊళ్లో?"

"వాళ్లు చూసింది మార్కుల కోసం. మీకోసం ఎవరు చూశారు?"

బాబాయి సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు.

పరీక్ష రోజున ఆయన మంచం దగ్గరికి వచ్చిన అమ్మాయి నిరుడు వేరే రోగి దగ్గర తప్పింది. జేబులు లోతుగా కావాలని ఆయన దగ్గరే కోటు కుట్టించుకుంది. మణికట్టు పట్టుకుని, వాచీ మీంచి చూపు తిప్పకుండా నిలబడింది.

"డెబ్బయ్యారమ్మాయ్," అన్నాడు.

"మాట్లాడకు బాబాయ్."

నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది. గుండె మీద గొట్టం పెట్టి మరో నిమిషం.

"గుండె నూట పది కొడుతోంది. చేతికి తొంభై రెండే అందుతున్నాయి. అదీ అడ్డదిడ్డంగా. ఆయాసం ఎప్పట్నించి?"

"నా సంగతెందుకు? ఫైల్లో ఉన్నది రాసెయ్. మళ్లీ తప్పితే ఇంట్లో ఏం చెప్తావ్?"

"కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ల వార్డు చూశావా? ఇలాంటి నాడిని పట్టించుకోకుండా వదిలేసినవాళ్లున్నారక్కడ. గుండెలో రక్తం గడ్డకట్టి తలకి చేరుతుంది."

బాబాయి దుప్పటి కింద కాలు ఒకసారి కదిపి చూసుకున్నాడు.

ప్రొఫెసరు వచ్చాడు. అమ్మాయి లెక్క చెప్పింది. ఆయన రోగి చెయ్యి పట్టుకోలేదు, ఫైలు పట్టుకున్నాడు.

"ఇరవై రెండేళ్లుగా డెబ్బయ్యారే. నా పరీక్షకీ ఈయనే. స్వయంగా లెక్కపెట్టాను. నీ వాచీ బాగు చేయించుకో."

పెన్సిలు మార్కుల కాగితం మీదికి కదిలింది. బాబాయి దాన్నే చూశాడు. నోరు విప్పితే వచ్చే ఏడు ఈ ఉతికిన దుప్పటి ఉండదు. విప్పకపోతే ఈ పిల్ల మళ్లీ తప్పుతుంది. రేపో మాపో కాలు పడిపోతే, మిషను తొక్కేదెవరు?

"అయ్యా, తమరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఆ డెబ్బయ్యారు తమరు లెక్కపెట్టింది కాదు. నేను చెప్పింది."

పెన్సిలు ఆగింది.

"పోనీ, నేనైనా లెక్కపెట్టానా అంటే లేదు. మొదటి ఏడు ఫైలు చూసి నర్సమ్మ చెప్పింది. ఆవిడ రిటైరైపోయింది. అంకె ఉండిపోయింది."

ప్రొఫెసరు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చెయ్యి బాబాయి మణికట్టు వెతుక్కుంది. వాచీ చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టాడు.

"ఎంతన్నావమ్మాయ్?"

"తొంభై రెండు సార్."

"తొంభై నాలుగు," అన్నాడాయన. అంత పదవిలో ఉన్నందుకు ఆ రెండైనా నిలుపుకోవాలి కదా.

అమ్మాయి గట్టెక్కింది. బాబాయిని ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. కేసుగా వచ్చినన్నాళ్లూ కిటికీ పక్క మంచం, రోగిగా వచ్చేసరికి మరుగుదొడ్డి పక్క మంచం. బాబాయ్ కాస్తా 'ఏడో నంబరు' అయ్యాడు. భార్య దుప్పటి ఇంటి నుంచి తెచ్చింది.

డ్యూటీ డాక్టరు పాత ఫైలు చూసి కొత్త కాగితం నింపుతూ, నాడి అన్న గడి దగ్గర ఏడు అంకె వేశాడు. తర్వాతది ఏమిటో బాబాయికి తెలుసు. దుప్పట్లోంచి చెయ్యి బయటికి చాపాడు.

"లెక్కపెట్టు నాయనా. నిమిషం పూర్తిగా."