ఎండాకాలంలో గొంగడి కప్పుకున్న మా అమ్మ

మా చిన్నప్పుడు... మేడ్చల్‌లో కుక్కలు కూడా నీడ వదలని ఎండల్లో మా అమ్మ గొంగడి కప్పుకుని అరుగు మీద కూర్చునేది. చేతిలో చాట, చాటలో బియ్యం. పొద్దున చెరగడానికి తీసుకున్నవి పొద్దుగూకినా అలాగే ఉండేవి.

ఇది నిజాం కాలం నాటి మాట. అంతకుముందు అమ్మ అలాంటిది కాదు. తమ్ముడు పుట్టాకే మొదలైంది... మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, జుట్టు రాలింది. పిలిస్తే కాసేపటికి గానీ పలికేది కాదు. పొయ్యి మీద పప్పు మాడుతున్నా చూస్తూ కూర్చునేది.

నేనేమో ఒక్కచోట నిలవని పిల్లని. అమ్మ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. గొంగడి లాగేదాన్ని, భుజం పట్టి కుదిపేదాన్ని. అమ్మ కసురుకునేది కూడా కాదు... అదే నాకు భయంగా ఉండేది.

మా అవ్వ, అంటే మా నాన్న బాపు వాళ్ళమ్మ, గాలి సోకిందని తేల్చేసింది. దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. వేపమండలతో దిగదుడిచింది. ఏడాది తిరిగినా ఏం మారలేదు.

ఇక అవ్వకు ఓపిక అయిపోయింది. అమ్మ అక్కడే కూర్చుని ఉండగా బాపుతో అనేసింది.

"పసిపోరడు ఏడ్సినా లేస్తలేదు. దీన్ని అలియాబాద్‌ల తల్లిగారింటికి తోలియ్యి. ఇంకో పిల్లను జూస్త."

బాపు తల ఎత్తలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది!

అమ్మను తీసుకుపోవడానికి అలియాబాద్ నుంచి మా మామ, అమ్మకు అన్న, ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. నేనూ ఎక్కి కూర్చున్నా... ఎవరు దించినా దిగలేదు. మామ చెల్లెలి మొహం చూసి ఏమనుకున్నాడో, బండిని నేరుగా రైల్వే స్టేషన్‌కు తోలాడు. రైలెక్కి లష్కర్ ఆసుపత్రికి పోయాం. సికింద్రాబాద్‌ను అప్పుడలాగే అనేవాళ్ళం.

అక్కడ డాక్టరమ్మ అమ్మ మెడ తడిమి చూసింది. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టింది. కాలు లేచి నింపాదిగా కిందికి దిగింది.

"గాలి లేదు, దయ్యం లేదు. గొంతు కాడ గ్రంథి ఒకటుంటది. అది మందగిస్తే ఒళ్ళు, మతి, మనసు అన్నీ మందగిస్తయి. గీ గోలీలు రోజూ ఎయ్యాలె. బంద్ జెయ్యొద్దు."

ఆసుపత్రి నుంచి అలియాబాద్ పోయాం. అక్కడ నెలలు గడిచే కొద్దీ అమ్మ మళ్ళీ మనిషైంది. గొంగడి కొయ్యకెక్కింది. అవ్వ మాట మార్చి కోడలిని ఇంటికి తెప్పించుకుంది. అంతా తాయెత్తు మహిమ అంది.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. రోగం తగ్గాక తలకు పోసి, మిగిలిన మందు మూడు తోవలు కలిసే చోట పారేయాలి. మందు ఇంట్లో ఉంటే రోగం వెతుక్కుంటూ వస్తుందట! అవ్వ ఎంతో ప్రేమగా కోడలికి తలంటి, గోలీలన్నీ తీసుకుపోయి పారేసి వచ్చింది.

కొన్నాళ్ళకే గొంగడి మళ్ళీ కిందికి దిగింది.

ఈసారి బాపు ఎవరినీ అడగలేదు. రైలెక్కి పోయి గోలీలు తెచ్చి అవ్వ చేతిలోనే పెట్టాడు. "రోజూ నువ్వే ఎయ్యాలె అవ్వా. ఇంకో పిల్ల మాట ఇగ ఈ ఇంట్ల రావద్దు" అన్నాడు. అవ్వ ఉన్నన్ని రోజులూ వేసింది.

నేను పెద్దయ్యాక అమ్మను అడిగాను, అప్పుడు నీకేమీ తెలిసేది కాదా అని.

"అన్నీ ఇనవడ్తుండె బిడ్డా. ఇంకో పిల్లను దెస్తరన్నది సుత ఇన్న. ఏడ్వాలె అనుకున్న... ఏడుపు సుత రాకపాయె."

ఇప్పుడు మా ఇంట్లోనే ముగ్గురు పరగడుపున థైరాయిడ్ గోలీ వేసుకుని ఎవరి పనికి వాళ్ళు పోతున్నారు. ఒక్క రక్తపరీక్షతో తేలిపోతోంది. సంతోషమే... కానీ మనసు కుదురుగా ఉండదు. లష్కర్ దాకా చేరని వాళ్ళు ఎందరో కదా...

గాలి సోకిందని మీ ఇళ్ళల్లో కూడా ఎవరినైనా మూలన కూర్చోబెట్టారా? వాళ్ళ గురించి ఇక్కడ రాయండి. వాళ్ళకు అన్నీ వినబడే ఉంటాయి.