అంగుళానికి పాతిక

వడ్రంగి మేస్త్రికి మిల్లీమీటరంటే ఒళ్ళుమంట. కొత్త టేపు కొన్న రోజే దాని కింది అంచున ఉన్న మిల్లీమీటరు గీతలన్నీ మేకుతో గీకి పారేస్తాడు. పై అంచున అంగుళాలు మాత్రం చెక్కుచెదరవు. చెవి మీద పెన్సిలు, పళ్ళ మధ్య మేకులు, ఆ మేకుల సందులోంచే తిట్లు. మొన్న సొంత ఇంటి కిటికీకి ఐదడుగుల అద్దం కావాల్సి వచ్చింది. "మిల్లీమీటర్లలో చెప్తేనే మెషీన్ తీసుకుంటుంది బాబాయ్. అంగుళానికి ఇరవై ఐదు పాయింట్ నాలుగు," అంది అద్దాల కొట్టు అమ్మాయి. "ఆ పాయింట్ నాలుగూ నువ్వే ఉంచుకో. అంగుళానికి పాతిక, అరవై అంగుళాలకి మొత్తం పదిహేను వందలు. కొయ్యి!" అని గద్దించాడు.

తీరా బిగించబోతే అద్దానికి ఒక పక్క వేలు దూరేంత సందు మిగిలింది. "తగ్గిందేంటండీ?" అంది భార్య. "ఓ అంగుళం తగ్గింది. వాళ్ళ దిక్కుమాలిన కొలతలు అలాగే ఏడుస్తాయి," అని కసిరి, కచ్చితంగా అంగుళం మందాన చెక్క కోసి సందులో పెట్టాడు. దూరలేదు. అరచేత్తో గుద్దాడు. అద్దం కిర్రుమంది గానీ చెక్క దూరలేదు. "ఇప్పుడు ఎక్కువైందా?" అంది ఆవిడ. మేస్త్రి చిత్రిక అందుకుని, పళ్ళు నూరుతూ, తన అంగుళాన్ని తానే అరగదీయడం మొదలుపెట్టాడు.