ఏడిళ్లు తిప్పాల్సిన పిల్లిపిల్లలు

కోకో తిండి పొట్లం చింపినప్పుడల్లా వంటింట్లో ఒక వాసన లేస్తుంది. ఎండుచేపల వాసన నాకు తెలుసు, పచ్చిచేపల వాసనా తెలుసు. ఇది రెండూ కాదు, చేపను ఎన్నడూ చూడనివాడు ఎవరో చెప్పగా విని తయారుచేసిన వాసన. కోకో మా మనవరాలు హారిక పెంచుకుంటున్న తెల్ల పర్షియన్ పిల్లి. ఉద్యోగం పనిమీద హైదరాబాదు వెళ్తూ, ఖమ్మంలోని నా ఫ్లాటులో దాన్ని దింపిపోయింది. అది చేయవలసిన పని ఒక్కటీ చెప్పలేదు, నేను చేయవలసినవి మాత్రం చెప్పులు వేసుకుంటూ కూడా చెప్పింది. నీళ్లు ఫిల్టరువే పెట్టాలి. బొచ్చు రెండు పూటలా దువ్వాలి. అది దొడ్డికి కూర్చునే ఇసుకను రోజూ జల్లెడ పట్టాలి. బాల్కనీ తలుపు తీయకూడదు.

"పాలు?" అన్నాను.

"పాలు పడవు అమ్మమ్మా, అరగవు."

"పిల్లికి పాలు అరగవా! పోనీ, ఎలక వస్తేనో?"

"ఎలకొస్తే ఇదే భయపడుతుంది. నువ్వే తోలాలి."

ఇన్నేళ్లు వచ్చాక పిల్లి తరఫున ఎలకల్ని తోలే ఉద్యోగం దొరికిందని నాకు ఒళ్లు మండింది. కానీ జల్లెడ పడుతూ ఆలోచిస్తే, పిల్లిని ఎలా పెంచాలన్న విషయంలో మా ఇంటికి గొడవలు కొత్త కాదని గుర్తొచ్చింది.

మా తాతయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇల్లందు పక్కన అడవి అంచున భూమి కొని, ఊళ్లో ఇల్లు కట్టారు. ఇంటికి తూర్పున గాదె గది, అందులో వడ్ల గాదె, దాని వెనక విత్తనాల పల్లికాయ గోనెలు, మీద అటక నిండా మిరపకాయలు. ఆ గది తలుపు తెరిస్తే ముక్కు చురచురమనేది. తలుపు కింద మూల చెక్క కోసి పిల్లి దూరేంత దారి ఉంచారు. పిల్లికి మా ఇంట్లో దక్కిన గౌరవం ఆ కన్నం ఒక్కటే. దానికి పేరు లేదు, పిల్లి అంటే పిల్లే. మధ్యాహ్నం పూట నానమ్మ పెరటి గట్టు మీద ఒక మజ్జిగన్నం ముద్ద పడేసేది, అదీ చిన్నది. "నిండా పెడితే ఇక ఎలకల్ని ఎవరు పడతారు, నువ్వు పడతావా?" అని నన్ను గదమాయించేది. అది పాలగిన్నెలో మూతి పెట్టిందంటే ఆ పాలన్నీ కుడితిలోకి పోవలసిందే, గిన్నెను చింతపండు పెట్టి తోమి ఎండలో బోర్లించవలసిందే.

ఆ పిల్లే వీధి దాటి ఎదురింటి గడప తొక్కితే మున్నీ అయిపోయేది. ఎదురిల్లు మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే జులేఖాది, ఆమె భర్త దర్జీ. ఆ ఇంట్లో కుట్టుమిషను టకటక, కొత్త గుడ్డ గంజి వాసన, సాయంత్రమయ్యేసరికి ఉల్లిపాయలు వేగుతున్న వాసన ఉండేవి. మున్నీ అక్కడ గుడ్డముక్కల బుట్టలో పడుకునేది, ఖాలా నమాజుకు చాప పరిస్తే అంచున కూర్చునేది, మాంసం తరిగిన రోజు మొదటి ముక్క తినేది. ఖాలా నీళ్ల చెంబులో అది మూతి పెట్టడం చూసి నేను కెవ్వుమంటే ఆమె నవ్వింది. "పిల్లి మూతి పాక్, బిడ్డా. అది తాగిన నీళ్లతోని నమాజుకు కాళ్లుచేతులు గడుక్కోవచ్చు." నేను పరుగున పోయి ఈ మాట చెప్తే నానమ్మ చెవులు మూసుకుంది.

కాబట్టి గొడవ నిత్యం ఉండేది. ఖాలా మేపి మేపి మా పిల్లిని పాడుచేస్తోందని నానమ్మ, తన మున్నీని మాడ్చి పనిచేయిస్తున్నారని ఖాలా. ఇద్దరూ ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని, ఒకరు చింతపండు గింజ తీస్తూ, ఒకరు కాజాలు కుడుతూ, వీధికి అడ్డంగా పోట్లాడుకునేవాళ్లు. మధ్యలో వామనగుంటలు ఆడుకుంటున్న మా నెత్తుల మీదుగా మాటలు అటూ ఇటూ పోయేవి. పోట్లాట అయ్యాక ఉగాదికి మా ఇంటి బొబ్బట్లు అటు వెళ్లేవి, రంజాన్ పండక్కి ఖర్జూరాలు వేసిన సేమ్యా పాలు ఇటు వచ్చేవి.

నేను చెప్పే సంగతి నేను నాలుగో తరగతిలో ఉండగా జరిగిందని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. తప్పు. నాలుగో తరగతికి మా బడి కొత్త కట్టడంలోకి మారింది. ఇది పాత పెంకుల బడిలో మా చివరి వేసవి, అంటే మూడో తరగతి. పైగా ఆ ఏడు ఉగాదీ రంజాన్ నెలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అడవి వైపు నుంచి గాలి వీస్తే ఇప్పపూల తీపి వాసన ఊరంతా కమ్మేది, మా ఇంట్లో నవమి పానకానికి మిరియాలు దంచుతుంటే ఎదురింట్లో ఉపవాసాలు నడుస్తున్నాయి.

తాతయ్య ఏటా భద్రాచలం కల్యాణానికి వెళ్లేవారు. గోదావరి మీద అప్పటికింకా వంతెన లేదు. రేవు దాకా బస్సు, అక్కణ్నించి పడవ. ఆ బస్సు మా ఊరి మీదుగా పొద్దున ఒక్కటే పోయేది. నవమి ముందు రోజు, నానమ్మ పసుపు కలిపిన తలంబ్రాల బియ్యం మూటకట్టి ఇచ్చింది. తాతయ్య కొత్త కండువా వేసుకుని వీధిలో కాలు పెట్టారు. పిల్లి ఎదురింట్లోంచి వచ్చి అడ్డంగా దాటి మా గాదె గదిలోకి పోయింది. ఆయన వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరారు. ఈసారి అది మా ఇంట్లోంచి ఎదురింటికి పోయింది. మళ్లీ నీళ్లు. మూడోసారి గుమ్మం దిగేసరికి ఎదురింటి నుంచి మూతి నాక్కుంటూ వస్తోంది. బస్సు హారను వీధి చివర వినపడింది, ఆగింది, పోయింది. తాతయ్య ఇంకా నీళ్లచెంబుతోనే ఉన్నారు.

ఆయన ఎవరినీ తిట్టలేదు. కండువా తీసి దండెం మీద వేసి, మా జీతగాడు సోమయ్యను పిలిచారు. "గోనెసంచి తీసుకురా. దీన్ని మన చేను దాటించి, వాగవతల అడివిలో వదిలిపెట్టి రా."

"మళ్ల వస్తది అయ్యా, పిల్లికి తొవ్వ ఎరికె," అన్నాడు సోమయ్య. అయినా సంచి కట్టి బండిలో వేసుకుని పోయాడు. ఆ సాయంత్రం ఉపవాసం విడిచాక ఖాలా గిన్నెతో బయటికొచ్చి "మున్నీ, మున్నీ" అని పిలుస్తుంటే మా ఇంట్లో ఎవరూ తలుపు తీయలేదు.

మర్నాడు పొద్దున నానమ్మ పచ్చడికి పల్లీల కోసం గాదె గదిలోకి వెళ్లింది. గోనెల వెనక సన్నగా ఏడుపు. కళ్లు తెరవని మూడు పిల్లలు, నా అరచేతికి సరిపోయేంతవి, ఒకదాని మీద ఒకటి పడి పాకులాడుతున్నాయి. పిల్లి వీధిలో తాతయ్యకు అపశకునం చేయడానికి తిరగలేదు. ఎదురింట్లో తిని, మా ఇంట్లో పాలిచ్చి, మళ్లీ తినడానికి పోయింది. బాలింత దాన్ని మేము అడవిలో పారేయించాం.

నానమ్మ ఆ గోనెల మీదే కూలబడిపోయింది. పిల్లి చావుకు కారణమైతే బంగారంతో పిల్లిని చేయించి దానమిచ్చినా పోని పాపమని ఆమె నమ్మకం. అలాంటిది నాలుగు ప్రాణాలు. తాతయ్య అప్పటికప్పుడు సోమయ్యను అడవికి తరిమారు, అతను పొద్దుగూకేదాకా వెతికి ఒట్టి చేతులతో వచ్చాడు. నన్ను పంపించి ఖాలాను పిలిపించింది నానమ్మే.

ఖాలా వచ్చి పిల్లల్ని చూసింది. సంగతి విన్నది. "నోరు లేని దాన్ని అడివిల ఇడిసిపెట్టి వచ్చిండ్రా? దాని కడుపు తగ్గిందని గూడ మీకు కానరాలేదా? ఏం మనుషులు పెద్దమ్మా మీరు!" అన్నది. తర్వాత నానమ్మతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే మా వసారాలో చతికిలబడి, మేకపాలలో దూది వత్తి ముంచి ఒక్కొక్కదాని నోట్లో పెట్టింది. ఉపవాసంతో తన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నానమ్మ ఆవుపాలు తెచ్చి పక్కన పెడితే గిన్నెను అవతలికి జరిపింది. అలాగే రోజూ వచ్చేది, పట్టేది, పోయేది. అరుగుల మధ్య పోట్లాట ఆగిపోయింది. వీధిలో ఆ నిశ్శబ్దం మాకు చాలా చెడ్డగా అనిపించేది.

రోజులు గడుస్తున్నా పిల్లల కళ్లు విచ్చలేదు. నానమ్మకు కారణం తెలుసు. తల్లిపిల్లి పిల్లల్ని నోట కరచుకుని ఏడిళ్లు తిప్పితేనే కళ్లు తెరుచుకుంటాయి. తల్లి లేదు కనక తిప్పేవాళ్లు లేరు, కనక మనమే తిప్పాలి. ఇది విని ఖాలా మౌనవ్రతం మరిచిపోయింది. "కండ్లు పాలతోని తెరుచుకుంటయి పెద్దమ్మా, ఇండ్లతోని గాదు!"

కానీ అన్నిటికన్నా చిన్నది ఆ సాయంత్రం వత్తి నోట్లో పెడితే చప్పరించలేదు. ఖాలా వత్తిని మళ్లీ మళ్లీ ముంచి పెట్టి చూసింది. "పదండి. గదొక్కటి ఎందుకు తక్కువ చెయ్యాలె. తిప్పుదాం," అన్నది.

చేటలో పాత చీర పరిచి పిల్లల్ని పెట్టాం. చేట నానమ్మ చేతిలో, పాలగిన్నె ఖాలా చేతిలో, వెనక మేము. పుట్టిన ఇల్లు లెక్కలోకి వస్తుందా రాదా అని వీధిలోనే తగువు పడింది. రాదని నేను గట్టిగా చెప్పాను, కదిలితేనే కదా తిప్పినట్టు. మొదట ఖాలా ఇల్లు. తర్వాత కిరాణా కొట్టువాళ్లది. వాళ్ల పిల్లికి మెడలో ఎర్రదారం, బియ్యం బస్తాల మధ్య సొంత పీట. ఆ పక్కన బొగ్గుగని కార్మికుడిది. ఆయన భార్య కోళ్లు పెంచుతుంది, పిల్లి పేరెత్తితే చీపురు తీస్తుంది. "మా ఇంట్ల పిల్లినా? ఏంది గిది?" అని చీపురుతోనే ఎదురొచ్చి, పిల్లల్ని చూసి చీపురు దించి, "జల్దీ తిప్పుకపోండ్రి" అన్నది. ఎవరూ ఎందుకని అడగలేదు. కాలు కడుక్కోమన్నారు, గడప దాటనిచ్చారు, ఒకామె దిష్టి కూడా తీసింది. ఏడోది సోమయ్య గుడిసె, వీధి చివర, అడవి దారి మొదట్లో. అక్కడికి చేరేసరికి చీకటి పడుతోంది, చిన్నది చేటలో కదలడం మానేసింది.

నానమ్మ చేట కింద పెట్టి అక్కడే కూర్చుంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. ఖాలా ఆ చిన్నదాన్ని తన దుపట్టా కొంగులో చుట్టి, నానమ్మ పక్కన కూర్చుని, "ఇది నీ పాపం గాదు పెద్దమ్మా. దాని ఆయుష్షు గంతే," అన్నది. మిగిలిన రెండింటినీ మళ్లీ మోసుకెళ్లే ఓపిక ఎవరికీ లేక, సోమయ్య కోళ్లగంప కింద వెచ్చగా పెట్టి వచ్చేశాం.

తెల్లవారి సోమయ్య అరుచుకుంటూ వచ్చాడు. పరుగెత్తి చూస్తే గంప పక్కకు ఒరిగి ఉంది, బురద కొట్టుకుని ఎముకలు తేలిన మున్నీ రెండు పిల్లల్నీ కడుపు కిందికి లాక్కుని పాలిస్తోంది. అడవి దారిన వచ్చినదానికి మొదట తగిలిన గుడిసె అదే, పిల్లల ఏడుపు అక్కడే వినపడింది. ఏడిళ్లు తిప్పబట్టే తల్లి వచ్చిందని నానమ్మ, తను అల్లాకు చేసుకున్న దువాకు వచ్చిందని ఖాలా. అక్కడే మొదలైన వాదన వాళ్లిద్దరూ బతికున్నంత కాలం సాగింది. మున్నీ ఇద్దరికీ విలువ ఇవ్వలేదు. రెండు రోజులకల్లా, కళ్లు విచ్చుకున్న పిల్లల్ని ఒక్కొక్కటే నోట కరచుకుని మా ఇంటికీ కాక, ఖాలా ఇంటికీ కాక, చీపురావిడ బొగ్గుల కొట్టంలోకి మార్చింది. "మనం తిప్పిందంతా దండగే!" అని నానమ్మ మండిపడితే, ఖాలా పొట్ట పట్టుకుని నవ్వింది.

మరుసటి నవమికి తాతయ్య గుమ్మం దిగగానే పిల్లి మళ్లీ అడ్డొచ్చింది. ఆయన ఆగారు. వెనక్కి రాలేదు, నీళ్లు అడగలేదు. "గాదె గదిలో పిల్లలున్నాయేమో చూడండి," అని కేకేసి బస్సుకు వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ వీధిలో వరసగా దుకాణాల కట్టడం లేచింది. ఖాలా పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో నాకు తెలియదు. మా ఇంట్లో ఇప్పుడు పిల్లికి పేరుంది, డాక్టరుంది, దువ్వెనుంది. గడప దాటి పోవడానికి ఇంకో ఇల్లు మాత్రం లేదు. హారిక వెళ్లినప్పటి నుంచి కోకో మంచం కింద నుంచి రావడం లేదు, ఆ కంపు తిండి ముట్టడం లేదు. ఫోను చేస్తే "దానికి బెంగ అమ్మమ్మా, ఎవరైనా ఆడించాలి" అంటుంది. నేనా ఆడించేది!

నిన్న సాయంత్రం విసుగెత్తి, దాన్ని చంకనేసుకుని ఎదురు ఫ్లాటు గంట నొక్కాను. ఈ అంతస్తుకు వచ్చాక నేను ఆ గంట నొక్కడం అదే మొదలు. తలుపు బెత్తెడు తెరుచుకుంది. లోపలి అమ్మాయి సందులోంచి చూసి, "ఏమైందాంటీ, ఏదైనా కంప్లైంటా?" అంది.

"కాదమ్మా, ఊరికే. ఇద్దరం మీ ఇల్లు చూసిపోదామని."

ఆ అమ్మాయి కోకోను చూసింది, నన్ను చూసింది, నవ్వింది కూడా. తలుపు గొలుసు మాత్రం తీయలేదు.