డీ అంటే దానిది

ముదలియార్‌పేటలో సీతాపతి ఇల్లు సరిగ్గా రోడ్డు పక్కనే. నాలుగేళ్ళుగా ఆయన చేసే పని ఒక్కటే. వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చే పోయే బండ్ల గేర్లకు వంకలు పెట్టడం. కడలూరు బస్సు మలుపులో గర్రుమందంటే చాలు, "సెకండ్ వెయ్‌రా పాపీ! థర్డ్‌లో యాడికి లాగతావు?" అని గొంతు చించుకునేవాడు. బస్సువాడికి అది ఏనాడూ వినపడలేదు. వినపడేదల్లా ఇంట్లో భార్య మంగళకే.

"ఊరి బండ్లకంతా నువ్వే గేరు వెయ్యాల్నా? కొంచెంసేపు నోరు మూసుకో అయ్యా," అనేది ఆమె.

ఆయన్నీ తప్పు పట్టలేం. ఇరవై ఆరేళ్ళు లారీ తోలిన మనిషి. తిండివనం రోడ్డులో ఒకనాడు ట్రాక్టరు ఎదురొచ్చి గుద్దింది, ఎడమ మోకాలు నుజ్జయింది. లోపల ఇనుప కడ్డీ వేశారు. చేతికర్రతో నడుస్తాడు గానీ, ఆ పాదంతో చీమను కూడా తొక్కలేడు. ఇక క్లచ్ ఏం తొక్కుతాడు? క్లచ్ తొక్కలేని డ్రైవరును ఎవరు పెట్టుకుంటారు? బావమరిది బియ్యం మండీలో వచ్చి కూర్చోమన్నాడు. "కూర్చుంటే స్టీరింగ్ ముందరే కూర్చుంటా," అన్నాడు ఈయన. చుట్టాలందరూ నవ్వారు. మంగళ మాత్రం ఆ పూట వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

సముద్రం పొంగి ఊళ్ళ మీద పడిన మరుసటి ఏడాది, వేసవిలో, పక్కింటి ప్రభు ఒక కబురు మోసుకొచ్చాడు. ప్రభు ముప్పై ఏళ్ళవాడు, మంచి డ్రైవరే. పిళ్ళైచావడి దగ్గర ఇసకలో రేకుల షెడ్లు వేసుకుని ఉన్న జాలరి కుటుంబాలకు నీళ్ళు చేరవేసే సంఘంలో పని చేస్తున్నాడు. అక్కడికి నీళ్ళ లారీ పోదు. అందుకని విదేశం నుంచి ఎవరో దాతలు పెద్ద జీపులాంటి బండి ఒకటి ఇచ్చారు. నాలుగు చక్రాలూ లాగుతాయి, గేర్లు దానంతట అదే వేసుకుంటుంది. అంత గొప్ప బండి రెండుసార్లు ఇసకలో కూరుకుపోతే, జాలర్లే మోకులు కట్టి లాగారట.

"ఆ బండే సరి లేదు మామా," అన్నాడు ప్రభు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

సీతాపతి ఆ మాట వినలేదు. ఆయన చెవిలో ఇంకో మాట గిర్రున తిరుగుతోంది. "ఏందీ, గేర్లు అదే వేసుకుంటదా? క్లచ్చే లేదా?"

"లేదు మామా."

సీతాపతి కుర్చీలోంచి లేచాడు.

మర్నాడు పొద్దున్నే సంఘం ఆఫీసు మెట్లు ఎక్కాడు. అక్కడ పనులు చూసే ప్రీతి, బజారులో జవుళి కొట్టువాళ్ళ అమ్మాయి, ఆయన కాలును చూసి మొహమాటపడింది.

"మామా, తప్పుగా అనుకోవద్దు..."

"నీ బండిలో ఎడమ కాలికి పని ఉండాదా తల్లీ?"

"లేదు."

"అయితే నా ఎడమ కాలి సంగతి నీకెందుకు?"

ప్రీతికి నవ్వొచ్చింది. కానీ గట్టి పిల్ల. "ఒక్క ట్రిప్పు ఇస్తా. ఇరుక్కుంటే మళ్ళీ అడగొద్దు మామా," అంది.

నీళ్ళ డ్రమ్ములు ఎక్కించారు. పక్కన ప్రీతి, వెనక ప్రభు. తారు రోడ్డు మీద బండి వెన్నలా పోయింది గానీ, సీతాపతి మొహంలో కళ లేదు. ఆయన అనుకునేలోపే అది గేరు మార్చేస్తోంది. "నేను దీన్ని తోలతా ఉండానా, ఇది నన్ను తోలతా ఉండాదా?" అని గొణిగాడు.

ఇసక మొదలయింది. నాలుగు బారలు పోయిందో లేదో, బరువు తగలగానే బండి గేరు దించుకుని గాండ్రించింది. చక్రాలు గిర్రున తిరిగి గొయ్యి తవ్వబోయాయి. వెనక సీట్లో ప్రభు ఎడమ కాలు టపీమని నేలను తొక్కింది. ఈ బండిలో బ్రేకు పెడలు వెడల్పు. భయం వేస్తే డ్రైవరు ఎడమ కాలు క్లచ్ వెతుక్కుంటుంది, దొరికేది బ్రేకు. బండి టక్కున ఆగి కడుపుదాకా దిగబడుతుంది. ప్రభు తోలినప్పుడు రెండుసార్లూ జరిగింది ఇదే.

సీతాపతి ఎడమ కాలు మాత్రం పడుకున్నది పడుకున్నట్టే ఉంది. ఆయన కుడి కాలు మెల్లగా పైకి తీశాడు, బండిని వచ్చిన జాడలోనే వెనక్కి నడిపించి గట్టినేల మీద ఆపాడు. ఓడిపోయి ఆ కుర్చీలోకి మళ్ళీ పోలేను అనుకున్నాడు.

"తల్లీ, ఈ లివరు పక్కన ఇంకో గాడి ఉండాది. ఏం రాసుండాది దాని మీద?"

ఆయనకు ఇంగ్లీషు రాదు. ప్రీతి బండితో వచ్చిన పుస్తకం తిరగేసింది. "ఇప్పుడుండేది డీ. దాంట్లో బండే గేరు మార్చుకుంటుంది. పక్కకు తోస్తే ఎమ్. అప్పుడు ముందుకు తోస్తే గేరు పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. మనం మార్చేదాకా అదే గేరులో ఉంటుంది."

సీతాపతి తొడ మీద చరుచుకున్నాడు. "డీ అంటే దానిది. ఎమ్ అంటే మనది. ఇంత సులువుది ఎవురూ చెప్పలేదే!"

ఇసక మీద పరుచుకోవాలని, ప్రభు చేత నాలుగు టైర్లలోనూ కొంచెం గాలి తీయించాడు. లివరు పక్కకు తోసి, సెకండ్‌లో పెట్టి, మళ్ళీ ఇసకలోకి దిగాడు. ఈసారి ఇంజను ఒకటే గొంతుతో పాడింది. పాత గోతుల దగ్గర బండి మూలిగింది. ప్రీతి డాష్‌బోర్డు పట్టుకుంది. "గేరు దించు మామా!" అని అరిచాడు ప్రభు.

"ఉండ్రా. దానికి దమ్ముండాది, నాకు వినపడతా ఉండాది."

అంతకన్నా తొక్కలేదు, అంతకన్నా వదల్లేదు. నాలుగేళ్ళు బస్సుల గొంతులు విన్న చెవి అది. బండి తలూపుకుంటూ గోతులు దాటి, షెడ్ల మధ్యకు పోయి నిలిచింది.

ఇంజను చప్పుడు విని జాలర్లు అలవాటుగా మోకులు పట్టుకుని వచ్చారు. వెళ్ళైయమ్మాళ్ అనే ముసలామె బండినీ చూసింది, చక్రాలనూ చూసింది. కొడుకు చేతిలో మోకు లాక్కుని కింద పడేసి, బిందె తెచ్చుకుంది.

"రేపు ఆరింటికి వచ్చేయ్ మామా," అంది ప్రీతి. సీతాపతి తల ఊపాడు.

మర్నాడు పొద్దున మంగళ వసారా ఊడ్చి, ఖాళీ కుర్చీని గోడవారగా జరిపింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టనిపించింది. అంతలో కడలూరు బస్సు మలుపు తిరుగుతూ గర్రుమంది. మంగళ చీపురు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఎవరూ అరవలేదు. అటూ ఇటూ చూసి, ఆమే గొంతెత్తింది.

"సెకండ్ వెయ్‌రా పాపీ!"