బావగారితో ఒక రేసుల సీజను

మా వియ్యంకుడు పోయాడు. మంగళవారం పొద్దున మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, మామయ్యగారు..." అని ఆగిపోయింది. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదట. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఆదివారం టీవీ చూశారా ఆయన?" అని అడిగాను. అలాంటప్పుడు అడగవలసిన మాట కాదు అది. నా నోట అదే వచ్చింది.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. తెనాలిలో నలభై ఏళ్ళు స్కూటర్లు బాగుచేశాను. ఎవరి దగ్గరా మాట పడలేదు. ఆయనది కరీంనగర్ వైపు, బస్సు డ్రైవరు చేసి రిటైరయ్యాడు. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికి ఇచ్చాం. వాళ్ళుండేది ఆస్ట్రేలియాలో, వెర్రిబీ అనే ఊళ్ళో. ఆయనా వాళ్ళతోనే. నేను మా అబ్బాయి దగ్గర, కారులో పావుగంట దూరంలో ఉంటాను. ఎంత దగ్గరైనా ఆడపిల్ల తండ్రిని, పిలవకుండా ఆ గడప తొక్కను. అది ఆయనకు తెలుసు. అందుకే శనివారం సాయంత్రం తనే ఫోన్ చేసేవాడు.

"బావగారూ, రేపు మనోని రేసున్నది. జల్ది రండ్రి. టిఫిన్ ఈడనే."

మనోడంటే ఒక ఆస్ట్రేలియా కుర్రాడు. మట్టి ట్రాకు మీద మోటారు సైకిళ్ళ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది, స్పీడ్‌వే అంటారు. ఆ బండికి ఒకటే గేరు, బ్రేకులుండవు. పందేనికి నలుగురు, ఎడమకే తిరుగుతూ నాలుగు చుట్లు కొడతారు. అలాంటివి ఇరవై దాకా అయ్యాక ఫైనల్, అంతా కలిపి ఒక రౌండు. సీజను పందాలు చాలావరకు యూరప్‌లోనే. మనకు ఇక్కడ తెల్లవారేలోపే అయిపోతాయి. చలికాలం ఆదివారాలు హీటరు పక్కన కూర్చుని, పెసరట్లు తింటూ, మేం రికార్డింగ్ చూసేవాళ్ళం. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఫలితం చెప్పకూడదు. అది ఆయన చట్టం.

ఈ పిచ్చి ఎందుకు పట్టిందని ఒకసారి అడిగాను. "ముప్పయ్యేండ్లు బ్రేకు మీద కాలు పెట్టి బతికిన బావగారూ. బ్రేకు లేనోళ్ళను చూస్తుంటే పాణం లేసొస్తది" అన్నాడు. అన్నాడే గాని, టీవీలో మలుపు రాగానే ఆయన కుడికాలు తివాచీని గట్టిగా తొక్కేది. నేను చూసి నవ్వితే కాలు వెనక్కి లాక్కునేవాడు. మళ్ళీ మలుపు వచ్చేది, మళ్ళీ తొక్కేవాడు.

నోటుబుక్కులో గళ్ళు గీసి పెన్సిలు నా చేతికిచ్చేవాడు. ముందొచ్చినవాడికి మూడు పాయింట్లు, తర్వాతివాడికి రెండు, ఆ తర్వాత ఒకటి, ఆఖరివాడికి సున్నా. "నాకు రాత రాదు" అన్నాను మొదటిసారి. "అంకెలొస్తయా? చాలు" అన్నాడు. తర్వాత పేర్లు కూడా నాచేతే రాయించాడు. ఆ పోలండు వాళ్ళ పేర్లు ఇద్దరికీ నోరు తిరక్క మేమే పేర్లు పెట్టుకున్నాం. బక్కోడు, గడ్డపాయన, మూతిముడుపు. నేను తప్పు రాస్తే నవ్వలేదు. పక్కన సరిగ్గా రాసి ఊరుకునేవాడు. ఈ నాలుగు ముక్కలూ నా చేత్తో నేనే రాస్తున్నానంటే అది ఆయన పుణ్యం.

సీజను ఆఖరు రౌండుకు ముందు రౌండులో మనోడు మొదటి మలుపులోనే పడ్డాడు. రిఫరీ అతన్నే పందెంలోంచి తీసేశాడు.

"బక్కోడు గుద్దిండు! కండ్లు కనవడ్తలేవా ఆ రిఫరీకి?" అని బావగారు లేచి నిలబడ్డాడు.

"గుద్దలేదు. మనోడే లోపలికి దూరి వెనక చక్రం జార్చుకున్నాడు. సున్నా వేస్తున్నా."

"సున్నా ఎయ్యకుండ్రి!"

"వేస్తా."

"స్కూటర్లు ఇప్పెటోళ్ళకు రేసుల సంగతి ఏం తెలుస్తది బావగారూ" అని నవ్వాడు.

వియ్యంకుల మధ్య ఎగతాళి మామూలే. ఆయన బస్సును నేను ఎన్నిసార్లు ఎద్దుబండి అనలేదు? కానీ ఆ రోజు మా అమ్మాయి వంటింట్లోంచి వింటోంది. పెన్సిలు బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆఖరి రౌండుకు ముందు శనివారం ఫోన్ మోగింది. ఆయన కాదు, మా అమ్మాయి.

"రేపు రా నాన్నా. మామయ్యగారు రమ్మన్నారు."

"ఆయనకు నోరు లేదా?"

"ప్లీజ్ నాన్నా. బోత్ ఆఫ్ యూ ఆర్ టూ మచ్, నిజంగా."

ఆదివారం పొద్దున మూడుసార్లు చొక్కా తొడుక్కున్నాను. మూడుసార్లూ విప్పేశాను. మంగళవారం ఆయన పోయాడు.

నేనడిగినదానికి మా అమ్మాయి ఫోనులో ఏమీ చెప్పలేదు. దహనమయ్యాక, కారులో చెప్పింది. "సండే మార్నింగ్ టీవీ ఆన్ చేసి మళ్ళీ ఆపేశారు నాన్నా. రిజల్ట్ చెప్పొద్దని మా అందరికీ వార్నింగ్. 'మీ నాయిన వచ్చినంక చూస్తం, రాసెటాయన లేకుంట ఎట్ల?' అన్నారు."

తప్పు మనోడిదే. ఇప్పటికీ అదే అంటాను. కానీ కోడలి నోటితో పిలిపించినా ఆయన పిలిచినట్టే. అది ఆ శనివారమే నాకు తెలుసు. తెలిసీ వెళ్ళలేదు.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం, ఎవరూ పిలవకుండా, మొదటిసారి ఆ గడప తొక్కాను.

"ఏంటి నాన్నా, చెప్పకుండా వచ్చావ్?"

"ఆ ఆఖరి రౌండు పెట్టమ్మా."

మొత్తం చూశాను. ఒక్క గడి వదలకుండా రాశాను. ఫైనల్లో మనోడు రెండోవాడుగా వచ్చాడు. నోటుబుక్కు ఆయన కూర్చునే వైపు తిప్పబోయాను. టీవీలో జనం లేచి వెళ్ళిపోతున్నారు. ట్రాక్టరొకటి వచ్చి, ఖాళీ ట్రాకు మీద నెమ్మదిగా తిరుగుతూ, చక్రాలు కోసిన మట్టిని చదును చేస్తోంది. మా అమ్మాయి రిమోట్ అందుకోబోతే ఉండమన్నాను. ట్రాక్టరు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు మొదలుపెట్టింది.